ముందున్న లారీ ఎంత దూరంలో ఉంది?

(ఒక గ్రంథాలయంలో ఆదివారం ఉదయం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. బండి మీది కెమెరా దూరాన్ని ఎలా చెబుతుందో ఆదివారం పొద్దున్నే వినడానికి ఇంతమంది రావడం చాలా సంతోషంగా ఉంది. ముందు వరుసల్లో పదో తరగతి, ఇంటర్ చదివే పిల్లలు ఉన్నారు. వెనక కొందరు లారీ డ్రైవర్లు కూడా కూర్చున్నారని నిర్వాహకులు చెప్పారు. వారిని నేనే ప్రత్యేకంగా పిలవమన్నాను. ఎందుకో చివర్లో చెబుతాను.

ముందు ఒక చిన్న పని చేద్దాం. చేయి చాపి, బొటనవేలు నిలబెట్టి, ముఖానికి ఎదురుగా పట్టుకోండి. ఎడమ కన్ను మూసి, ఆ వేలి వెనక నా పక్కనున్న ఈ స్తంభాన్ని చూడండి. ఇప్పుడు ఎడమ కన్ను తెరిచి, కుడి కన్ను మూయండి. వేలు పక్కకు జరిగింది కదా? ఇప్పుడు చేయి మడిచి, వేలిని ముక్కుకు జానెడు దూరంలో పెట్టి మళ్ళీ చేయండి. ఈసారి ఇంకా ఎక్కువ జరిగింది. దగ్గరగా ఉన్నది ఎక్కువ జరుగుతుంది, దూరంగా ఉన్నది తక్కువ జరుగుతుంది. మన రెండు కళ్ళ మధ్య ఉన్న సుమారు ఆరున్నర సెంటీమీటర్ల ఎడమే దీనికి కారణం. 1838లో చార్లెస్ వీట్‌స్టన్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త ఈ సంగతిని ఒక పరికరంతో నిరూపించాడు. కాస్త తేడాగా గీసిన రెండు బొమ్మలను అద్దాల సాయంతో ఒక్కో కంటికి ఒక్కొక్కటి చూపించాడు. చదునైన కాగితం మీది గీతలు లేచి నిలబడినట్టు కనిపించాయి. రెండు కళ్ళలా పక్కపక్కన పెట్టే స్టీరియో కెమెరాలన్నిటికీ మూలం అదే.

కారుకు రెండు కెమెరాలు పక్కపక్కన బిగిస్తే కారుకూ ఆ లెక్క వస్తుంది. ఎడమ ఫొటోలో ఒక వస్తువు ఎక్కడ ఉందో, కుడి ఫొటోలో ఎన్ని పిక్సెళ్లు, అంటే ఫొటోలోని చిన్న చుక్కలు, జరిగి ఉందో చూడాలి. ఆ తేడాతో ఒక స్థిరసంఖ్యను భాగిస్తే దూరం వస్తుంది. రెండు కెమెరాల మధ్య ఎడాన్ని కటకపు నాభ్యంతరంతో గుణిస్తే వచ్చేదే ఆ స్థిరసంఖ్య. పదో తరగతిలో మీరు చదివే సరూప త్రిభుజాలకు మించి ఇందులో ఏమీ లేదు. 2008లో జపాన్‌లో సుబారు కంపెనీ ఐసైట్ పేరుతో అమ్మకానికి తెచ్చిన వ్యవస్థ ఇదే సూత్రం మీద నడుస్తుంది.

సూత్రం తేలికే. చిక్కు ఎక్కడుందో నిజమైన అంకెలతో చూపిస్తాను. కెమెరాతో దూరం కొలిచే మా రంగంలో పనిచేసే వారందరికీ తెలిసిన, కిట్టి అనే రోడ్డు ఫొటోల డేటా ఉంది. 2012లో జర్మనీలోని కార్ల్స్‌రూహే సాంకేతిక సంస్థ, షికాగోలోని టయోటా సాంకేతిక సంస్థ పరిశోధకులు కలిసి దాన్ని ప్రపంచానికి ఇచ్చారు. ఒక ఫోక్స్‌వాగన్ పస్సాట్ కారు పైకప్పు మీద కెమెరాలు, లేజర్‌తో దూరం కొలిచే తిరిగే లైడార్ ఒకటి బిగించి, కార్ల్స్‌రూహే ఊళ్ళో, చుట్టుపక్కల రోడ్ల మీద తిప్పారు. అందులో రెండు కెమెరాల మధ్య ఎడం 54 సెంటీమీటర్లు. నాభ్యంతరం పిక్సెళ్లలో చెప్పుకుంటే సుమారు 721. రెండూ గుణిస్తే 389 వస్తుంది. ఈ 389ని రాసుకోండి, మళ్ళీ మళ్ళీ పనికొస్తుంది.

10 మీటర్ల దూరంలో ఉన్న కారుకు రెండు ఫొటోల మధ్య తేడా దాదాపు 39 పిక్సెళ్లు. అక్కడ ఒక్క పిక్సెల్ తప్పినా, దూరంలో వచ్చే పొరపాటు పావు మీటరే. ఇబ్బంది లేదు. 100 మీటర్ల దూరంలో ఉన్న లారీకి తేడా నాలుగు పిక్సెళ్లు కూడా లేదు, 3.9. అక్కడ ఒక్క పిక్సెల్ తక్కువ లెక్కపెడితే లారీ 134 మీటర్ల దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది. ఒక్కటి ఎక్కువ లెక్కపెడితే 80 మీటర్లకు వచ్చేస్తుంది. దూరం రెట్టింపైతే పొరపాటు నాలుగింతలవుతుంది. ఎంత మంచి కెమెరా కొన్నా ఈ పెరుగుదల తీరు మారదు.

ఒక్క పిక్సెల్ ఎందుకు తప్పుతుందని అడుగుతారేమో. కిట్టి కెమెరాలో ఒక పిక్సెల్ అంటే డిగ్రీలో పన్నెండో వంతు కంటే తక్కువ. ఎండలో నిలబెట్టిన బండిలో కెమెరాల బిగింపు పట్టీ వేడికి సాగి, ఒక కెమెరా అంత మాత్రం పక్కకు తిరిగితే చాలు. మే నెల మధ్యాహ్నం మూసి ఉంచిన కారు లోపల ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అందుకే స్టీరియో కెమెరాలు పెట్టేవారు నడుస్తున్న బండిలోనే ఆ బిగింపును తిరిగి తిరిగి సరిచూసుకునే లెక్కలు రాస్తారు.

ఇంతకంటే పెద్ద చిక్కు జత కలపడం. ఎడమ ఫొటోలోని ఈ పిక్సెల్‌కు కుడి ఫొటోలో జత ఏది? లారీ నంబరు పలక మీది అక్షరానికి జత వెతకడం సులభం. సున్నం వేసిన గోడ మీద ఒక చుక్కకు జత వెతకమంటే? అంతా ఒకే తెలుపు. వంతెనకు కట్టిన ఇనుప కమ్మీల్లో మూడో కమ్మీకి జత మూడోదా, నాలుగోదా? తడిసిన రోడ్డు మీద మెరుపుకు జత ఎక్కడ? 2005లో జర్మన్ అంతరిక్ష కేంద్రంలో హైకో హిర్ష్‌ముల్లర్ దీనికి ఒక గట్టి పద్ధతి ఇచ్చాడు. ఒక్కో పిక్సెల్‌కు విడిగా జత వెతకడంతో ఆగకుండా, నాలుగు దిక్కుల నుంచీ మూలల నుంచీ పక్క పిక్సెళ్ల సాక్ష్యం కూడా కలుపుకుని తీర్పు చెప్పే పద్ధతి అది. చాలా ఏళ్లు వాహనాల్లో అదే రాజ్యమేలింది. 2015 ప్రాంతంలో యూరె జ్‌బొంతార్, యాన్ లెకున్ అనే పరిశోధకులు ఒక న్యూరల్ నెట్‌వర్క్‌కు, అంటే ఉదాహరణలు చూసి నేర్చుకునే కంప్యూటర్ ప్రోగ్రాముకు, రెండు చిన్న ఫొటో ముక్కలు చూపించి, ఇవి ఒకే చోటివా కావా అని చెప్పడం నేర్పారు. ఆ తీర్పును హిర్ష్‌ముల్లర్ పద్ధతికి అందిస్తే ఫలితం బాగా మెరుగుపడింది. తర్వాత రెండు మూడేళ్లలో జత వెతకడం నుంచి దూరం చెప్పడం వరకూ మొత్తం పనిని నెట్‌వర్కే చేసే నిర్మాణాలు వచ్చాయి. ఆ కథ పొడవైనది, దాన్ని ఇక్కడితో వదిలేస్తాను. నాకు ఎక్కువ ఆసక్తి ఉన్నది, ఎక్కువ భయం ఉన్నది కూడా, ఒక్క కెమెరా కథ మీద.

ఒక్క కెమెరాతో దూరం ఎలా తెలుస్తుంది? లెక్క ప్రకారం తెలియకూడదు. బొమ్మ కారు దగ్గరగా ఉన్నా, నిజం కారు దూరంగా ఉన్నా ఫొటోలో ఒకే పరిమాణంలో పడతాయి. అయినా ఒక కన్ను మూసుకుని మీరు రోడ్డు దాటగలరు. ఆటో ఎంత ఎత్తు ఉంటుందో, మనిషి ఎంత ఎత్తు ఉంటాడో మీకు తెలుసు. రోడ్డు దూరం పోయేకొద్దీ సన్నబడుతుందనీ, దూరపు కొండ మసకగా ఉంటుందనీ తెలుసు. అది జీవితమంతా చూసి నేర్చుకున్నది. నెట్‌వర్క్‌కు కూడా అలాగే నేర్పవచ్చా అని 2014లో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ ఐగెన్, ఆయన సహచరులు ప్రయత్నించారు. ఒక్క ఫొటో ఇస్తే ప్రతి పిక్సెల్‌కూ దూరం చెప్పేలా నెట్‌వర్క్‌కు శిక్షణ ఇచ్చారు.

శిక్షణ ఇవ్వాలంటే సరైన జవాబులు కావాలి కదా. జవాబు లైడార్ ఇస్తుంది. లైడార్ లేజర్ కాంతిని వదిలి, అది తిరిగి రావడానికి పట్టిన సమయంతో దూరం లెక్కకడుతుంది. కాంతి 100 మీటర్లు వెళ్ళి రావడానికి సెకనులో పదిలక్షల వంతు కూడా పట్టదు, అయినా కచ్చితంగా కొలుస్తుంది. కానీ అది చెప్పే జవాబులు పలచన. కిట్టి కారు మీది లైడార్‌లో 64 లేజర్లు ఉన్నాయి. వాటి చుక్కలను ఫొటో మీద పరిస్తే నూటికి నాలుగైదు పిక్సెళ్లకే జవాబు ఉంటుంది. మిగిలినవన్నీ ఖాళీ.

ఇక్కడే నాకు అత్యంత ఇష్టమైన ఆలోచన వచ్చింది. చిన్నప్పుడు భాగహారం చేశాక మన మాస్టారు ఏమనేవారు? భాజకాన్ని భాగఫలంతో గుణించి, శేషం కలిపి సరిచూసుకోమనేవారు. జవాబు పుస్తకం వెనక పేజీ చూడాల్సిన పని లేదు. తిరిగి గుణిస్తే మొదటి సంఖ్య రాకపోతే ఎక్కడో తప్పు చేశామని మనకే తెలుస్తుంది. 2016లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్ విశ్వవిద్యాలయంలో రవి గార్గ్, ఆయన సహచరులు, 2017లో లండన్‌లో క్లెమెంట్ గొడార్, ఆయన సహచరులు నెట్‌వర్క్‌కు సరిగ్గా ఇదే నేర్పారు. నెట్‌వర్క్‌కు ఎడమ ఫొటో ఒక్కటే ఇస్తారు. ప్రతి పిక్సెల్ ఎంత దూరంలో ఉందో అది ఊహించాలి. ఆ ఊహ ప్రకారం కుడి ఫొటోలోని పిక్సెళ్లను తెచ్చి పేర్చి, ఎడమ ఫొటోను తిరిగి కడతారు. కట్టిన ఫొటో అసలు ఎడమ ఫొటోతో సరిపోలితే ఊహ సరైనది. సరిపోలకపోతే, ఎక్కడ తేడా వచ్చిందో అక్కడ నెట్‌వర్క్ తనను తాను దిద్దుకుంటుంది. లైడార్ అక్కర్లేదు, జవాబుల పట్టిక అక్కర్లేదు. శిక్షణ సమయంలో మాత్రం రెండు కెమెరాలు ఉంటాయి. తర్వాత రోడ్డు మీద ఒక్కటి చాలు.

అదే ఏడాది బర్క్‌లీ, గూగుల్ పరిశోధకులు ఇంకో అడుగు ముందుకు వేశారు. రెండో కెమెరా కూడా లేకుండా, నడుస్తున్న బండి మీది ఒకే కెమెరా వీడియోతో నేర్పారు. బండి కదిలితే ఈ క్షణం తీసిన ఫొటో, మరుక్షణం తీసిన ఫొటో రెండు కళ్ళలాంటివే. అయితే ఒక లోటుంది. వీడియోతో ఏది దేనికంటే ఎన్ని రెట్లు దూరమో తెలుస్తుంది, మీటర్లలో తెలియదు. బొమ్మల కొలువులోని వీధిలో చిన్న కెమెరా తిప్పినా ఇవే ఫొటోలు వస్తాయి. ఆ లోటును చక్రాల వేగంతో పూరించవచ్చు. బండి సెకనుకు ఎన్ని మీటర్లు పోతోందో బండికి తెలుసు. ఆ సంగతి కలిపి చెబితే మీటర్లు వచ్చేస్తాయి. 2020లో టయోటా పరిశోధన సంస్థ వారు ఈ దారిలోనే వెళ్ళారు.

ఇప్పుడు నేను కళ్ళారా చూసిన ఒక విషయం చెప్పాలి. ఇలా వీడియోతో నేర్పిన నెట్‌వర్క్‌ను మేము మొదటిసారి జాతీయ రహదారి వీడియో మీద నడిపినప్పుడు, ముందు ఒక బస్సు పోతోంది. మా బండి, ఆ బస్సు ఒకే వేగంతో వెళుతున్నాయి. దూరాలను రంగుల్లో చూపే తెర మీద రోడ్డు సరిగ్గా వచ్చింది, చెట్లు సరిగ్గా వచ్చాయి. బస్సు ఉండాల్సిన చోట మాత్రం ఒక నల్లటి సొరంగం. అంటే అక్కడ ఏమీ లేదు, ఆకాశమంత దూరం ఖాళీ అని నెట్‌వర్క్ చెబుతోంది. కారణం ఆలోచిస్తే తేలికగానే తెలుస్తుంది. బండి ముందుకు పోతుంటే చెట్లు, స్తంభాలు ఫొటోలో పెద్దవవుతూ పక్కకు జరుగుతాయి. ఫొటో నుంచి ఫొటోకు అస్సలు కదలకుండా ఉండేవి ఏవి? చాలా దూరంలో ఉన్నవి, చందమామ లాంటివి. మన వేగంతోనే పోయే బస్సు కూడా కదలదు. కాబట్టి నెట్‌వర్క్ దాన్ని చందమామ పక్కన చేర్చింది. ప్రపంచమంతా నిలకడగా ఉంది, కదిలేది నేనొక్కడినే అనే నమ్మకంతో అది చదువుకుంది మరి. 2019లో గొడార్ బృందమే దీనికి ఒక మంచి ఉపాయం చెప్పింది. ఫొటో నుంచి ఫొటోకు మారని పిక్సెళ్లను గుర్తించి, శిక్షణలో వాటిని లెక్కలోకి తీసుకోకుండా పక్కన పెట్టడం. అది పెట్టాక మా తెర మీద బస్సు తిరిగి వచ్చింది. కానీ ఆ సొరంగం చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. సగటు మార్కులు చూస్తే ఆ నెట్‌వర్క్ మంచి విద్యార్థే. ఫొటోలో ఎక్కువ భాగం రోడ్డు, చెట్లు, గోడలే కదా. మనం గుద్దుకునేది మాత్రం బస్సునే.

ఇంత నేర్చిన నెట్‌వర్క్ అసలు దేన్ని చూసి దూరం చెబుతోంది? అదే ఏడాది నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో టామ్ వాన్ డైక్, గిడో ద క్రోన్ ఈ ప్రశ్న వేసుకున్నారు. కిట్టితో చదువుకున్న నెట్‌వర్క్‌కు, రోడ్డు ఫొటోల్లో కార్ల బొమ్మలు కత్తిరించి అతికించి చూపించారు. కొన్నిటిని చోటు మార్చకుండా చిన్నవి చేశారు, కొన్నిటిని పరిమాణం మార్చకుండా పైకీ కిందికీ జరిపారు. కారు పరిమాణాన్ని నెట్‌వర్క్ దాదాపు పట్టించుకోలేదు. కారు కింది అంచు ఫొటోలో ఎంత ఎత్తులో ఉందో చూసి దూరం చెబుతోంది. చదునైన రోడ్డు మీద అది తెలివైన పద్ధతే. దూరంగా ఉన్న బండి చక్రాలు ఫొటోలో క్షితిజరేఖకు దగ్గరగా, పైన కనిపిస్తాయి. దగ్గరున్న బండి చక్రాలు కింద కనిపిస్తాయి.

పిల్లలూ, ఇప్పుడు కాగితం తీయండి. కిట్టి కెమెరా నేలకు 1.65 మీటర్ల ఎత్తులో ఉంది. దాన్ని 721తో గుణించి, దూరంతో భాగిస్తే, ఆ బండి చక్రాలు క్షితిజరేఖకు ఎన్ని పిక్సెళ్ల కింద కనిపిస్తాయో వస్తుంది. 50 మీటర్లకు ఎంత? దాదాపు 24. ఇప్పుడు డ్రైవర్ గట్టిగా బ్రేకు వేశాడు. బండి ముక్కు కిందికి వంగింది, ఒక్క డిగ్రీ అనుకుందాం. గట్టి బ్రేకుకు అది ఎక్కువేమీ కాదు. కెమెరా ఒక డిగ్రీ కిందికి చూస్తే ఫొటోలో ఉన్నవన్నీ దాదాపు 12.6 పిక్సెళ్లు పైకి జరుగుతాయి. క్షితిజరేఖ కూడా పైకి జరిగిందని గమనించకుండా, పాత చోటు నుంచే కొలిస్తే, 24 ఉండాల్సిన చోట దాదాపు 11.2 మిగులుతుంది. 11.2కు దూరం ఎంత? 106 మీటర్లు. ముందున్న లారీ నిజానికి 50 మీటర్లలో ఉంది. మనం బ్రేకు మీద కాలు పెట్టిన క్షణానే కెమెరా, తొందర లేదు, ఇంకా 100 మీటర్లకు పైగా ఉంది అంటోంది. నేను చెప్పింది పూర్తిగా చెడిపోయిన సందర్భం. డెల్ఫ్ట్ పరిశోధనలో ఆ నెట్‌వర్క్ వంపును కొంతవరకు గుర్తించింది, పూర్తిగా మాత్రం కాదు. ఆ కొంత సరిపోదని నా అభిప్రాయం. స్పీడ్ బ్రేకర్ దిగిన ప్రతిసారీ మన బండ్లు ఇలాగే వంగుతాయి. మన రోడ్ల మీద ఎన్ని స్పీడ్ బ్రేకర్లు ఉన్నాయో, వాటిలో ఎన్ని కొలత ప్రకారం కట్టినవో మీకు తెలుసు.

వారి ప్రయోగంలో ఇంకొకటి కూడా ఉంది. రోడ్డు మధ్య ఒక ఫ్రిజ్ బొమ్మ అతికించారు. నెట్‌వర్క్ దాన్ని సరిగా పట్టుకోలేదు. దాని కింద నేల మీద కారుకు ఉండేలాంటి నీడ గీస్తే పట్టుకుంది. అంటే అది నేర్చుకున్నది అడ్డంకిని చూడటం కాదు, జర్మనీ రోడ్డు మీద కారు కింద పడే నీడను చూడటం.

(సభలో నుంచి ఒక విద్యార్థి: "సార్, లైడార్ అంత కచ్చితంగా కొలిచినప్పుడు ప్రతి బండికీ అదే పెడితే సరిపోతుంది కదా?")

మంచి ప్రశ్న బాబూ, కూర్చో. పెట్టగలిగిన చోట పెట్టాలనే నేనూ అంటాను. ధర ఒక కారణం. ఇంటికి సరుకులు తెచ్చే చిన్న ట్రక్కుకు, ఆటోకు అంత ఖర్చు ఎవరు పెడతారు? కెమెరా చవక, రేపు ప్రతి బండికీ అదే ఉంటుంది. ఇంకో కారణం నేను చెప్పిన పలచదనం. 64 లేజర్ల పరికరంలో 50 మీటర్ల దూరంలో ఒక గీతకూ పక్క గీతకూ మధ్య దాదాపు 35 సెంటీమీటర్ల ఖాళీ ఉంటుంది. ఆ సందులో పడుకున్న కుక్క పడుతుంది. తర్వాత వచ్చిన లైడార్లు ఇంకా దగ్గర గీతలతో వస్తున్నాయి, ధర కూడా తగ్గుతోంది. కానీ కెమెరాను, రాడార్‌ను, లైడార్‌ను ఒకదానికొకటి పోటీ పెట్టడం నాకు నచ్చదు. 2021లో టెస్లా తన రెండు రకాల కార్ల నుంచి, ఉత్తర అమెరికాలో అమ్మేవాటిలో, రాడార్ తీసేసి కెమెరాలనే నమ్ముకుంది. నేనైతే అలా చేయను. రాడార్‌కు ఫొటో తెలియదు, కానీ ముందున్న బస్సు ఎంత దూరంలో, ఎంత వేగంతో ఉందో చీకట్లో కూడా తెలుసు. ఆ ఒక్క అంకె చేతిలో ఉంటే నేను చెప్పిన సొరంగం అప్పుడే బయటపడేది.

సరే, మన రోడ్ల సంగతికి వద్దాం. కార్ల్స్‌రూహేలో చదువుకున్న నెట్‌వర్క్‌ను మన రోడ్డు మీదికి తెస్తే ఏమవుతుంది? మన హైదరాబాద్‌లోని ట్రిపుల్ ఐటీ పరిశోధకులు ఈ ప్రశ్నను ముందే పట్టించుకున్నారు. హైదరాబాద్, బెంగళూరు నగరాల్లో, వాటి శివార్లలో 182 ప్రయాణాల నుంచి 10,000 ఫొటోలు తీసుకుని, ప్రతి పిక్సెల్ ఏమిటో 34 రకాలుగా గుర్తు పెట్టి ఒక డేటాగా ఇచ్చారు. అందులో ఆటో ఉంది, పశువులు ఉన్నాయి. తారు రోడ్డు పక్కన అవసరమైతే బండి దింపగల మట్టి అంచుకు కూడా విడిగా ఒక పేరు ఉంది. అది నాకు చాలా నచ్చింది. మన డ్రైవర్ ప్రతిరోజూ వాడుకునే చోటుకు విదేశీ పట్టికల్లో పేరు లేదు. అయితే ఆ 10,000 ఫొటోల గుర్తులు ఏది ఏమిటో చెబుతాయి, ఏది ఎంత దూరమో చెప్పవు. మనకు రెండూ కావాలి.

మన రోడ్డు మీద దూరం చెప్పడం ఎక్కడ కష్టమో రెండు ఉదాహరణలు చెబుతాను. కోతలు అయ్యాక పల్లె రోడ్ల మీద సగం దాకా వడ్లు ఆరబోస్తారు. సాయంత్రానికి వాటిని కుప్ప చేసి, నల్ల టార్పాలిన్ కప్పి, ఎగిరిపోకుండా చుట్టూ రాళ్ళు పెడతారు. రాత్రి ఆ కుప్ప కెమెరాకు ఎలా కనిపిస్తుందో ఊహించండి. నిలువు అంచు లేదు. రోడ్డు ఎంత నల్లగా ఉందో అదీ అంతే నల్లగా ఉంది. మెల్లగా ఎత్తు పెరిగే వాలు. చక్రాలు లేవు, చక్రాల కింద నీడ లేదు. ఎడమ కుడి ఫొటోల్లో జత వెతకడానికి ఒక్క గుర్తు లేదు. నల్ల పట్టా మీద పడిన లేజర్ కాంతి కూడా చాలా తక్కువగా తిరిగి వస్తుంది. దాని చుట్టూ పెట్టిన రాళ్ళే మనకు ఆధారం. ఒక్కో రాయి పదీ పదిహేను పిక్సెళ్లు. మోటారు సైకిళ్ల మీద వెళ్ళేవారు ఈ కుప్పల మీదికి ఎక్కి పడిపోతూనే ఉన్నారు. రైతుకు ఆరబోసుకునే కళ్లం లేక రోడ్డు మీద పోసుకుంటున్నాడు. అతన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కెమెరా చేసేవాడు ఆ కుప్పను చూడటం నేర్పాలి, అంతే.

రెండోది ఇనుప చువ్వల లారీ. ఇంటి స్లాబుకు వేసే చువ్వలను లారీలోనో ట్రాక్టర్‌లోనో వేస్తే, వెనక తొట్టి దాటి రెండు మీటర్లు బయటికి వస్తాయి. వాటి కొసలకు ఒక ఎర్ర గుడ్డ కడతారు. వెనక వచ్చే కెమెరాకు చువ్వలు పొడవుగా కనిపించవు, కొసలు మాత్రం చుక్కల్లా కనిపిస్తాయి. 16 మిల్లీమీటర్ల చువ్వ 20 మీటర్ల దూరంలో కిట్టి కెమెరాకు ఒక పిక్సెల్ కూడా ఉండదు, అరకు కాస్త ఎక్కువ. జానెడున్నర గుడ్డ అయితే 11 పిక్సెళ్ల వెడల్పు. 11 ఇంటూ 11, 121 పిక్సెళ్లు. మొత్తం ఫొటోలో 4,65,000కు పైగా పిక్సెళ్లు ఉన్నాయి. ఈ 121 పిక్సెళ్లకూ దూరం తప్పు చెప్పినా సగటు మార్కు కదలనైనా కదలదు. పరిశోధన పత్రాల్లో మొదటి స్థానంలో ఉన్న నెట్‌వర్క్ కూడా ఈ చువ్వలను తీసుకెళ్ళి వెనకనున్న తొట్టితో కలిపేయవచ్చు. చుట్టుపక్కల పిక్సెళ్లన్నీ 22 మీటర్లు అంటుంటే, మధ్యలో ఒక చిన్న ముక్క 20 మీటర్లు అంటే దాన్ని పొరపాటుగా భావించి చదును చేయడం ఈ పద్ధతులన్నిటికీ అలవాటు.

మేము ఒక ఇనుము దుకాణం ఆవరణలో నిలబెట్టిన లారీ వెనక బండి పెట్టి పరీక్షించాం. టేపు పట్టుకుని కొలిచాం. మా నెట్‌వర్క్ తొట్టి దూరాన్ని పది సెంటీమీటర్ల తేడాలో చెప్పింది. చువ్వల దూరం అడిగితే మళ్ళీ తొట్టి దూరమే చెప్పింది. తెర మీద చువ్వలు లేనే లేవు. అదే చోట రెండు కెమెరాల లెక్క చూస్తే, తొట్టికి తేడా 17.7 పిక్సెళ్లు, గుడ్డకు 19.5. దాదాపు రెండు పిక్సెళ్ల ఎడం, స్పష్టంగా ఉంది. లెక్కకు కనిపించిన దాన్ని నెట్‌వర్క్ చదును చేసేసింది. ఆ రోజు నుంచి మా పనిలో ఒక నియమం పెట్టుకున్నాం. నెట్‌వర్క్ చెప్పిన దూరాన్ని ఒక్క అంకెగా తీసుకోం. ఎంత నమ్మకంతో చెబుతోందో కూడా అడుగుతాం. రెండు కెమెరాల లెక్క ఒకటి చెప్పి, నెట్‌వర్క్ మరొకటి చెబితే, ఆ రెండింటిలో దగ్గరి దూరాన్నే బ్రేకుకు పంపుతాం. అనవసరంగా వేగం తగ్గే సందర్భాలు పెరుగుతాయి, ప్రయాణికుడికి విసుగు కూడా రావచ్చు. ఆ విసుగు నాకు ఫరవాలేదు. మార్కులు కూడా ఇప్పుడు మొత్తం ఫొటోకు సగటు వేయడం లేదు. మన బండి వెళ్ళే దారిలో ఉన్నవాటికి విడిగా, సన్నని వాటికి విడిగా, రాత్రికి విడిగా వేస్తున్నాం. మార్కులు బాగా తగ్గాయి. నిజం ఇప్పుడే కనిపిస్తోంది.

ఆ రోజు లారీ డ్రైవర్ మా పని అంతసేపూ పక్కనే నిలబడి చూశాడు. చివర్లో నాతో అన్నాడు, "సార్, రాత్రి ఎర్ర గుడ్డ కనిపించదు. లైటు పడితే చువ్వల కొసలు మెరుస్తాయి, కొత్తగా కోసినవైతే. తుప్పు పట్టినవైతే అవీ మెరవవు. అప్పుడు మేము లారీ వెనక లైటు ఎంత కిందికి ఉందో చూసి దూరం అనుకుంటాం." డెల్ఫ్ట్‌లో కనుక్కున్న విషయాన్ని ఆయన తన అనుభవంతో చెప్పాడు. ఆ వారమే మేము రాత్రి ఫొటోలు తీయడం మొదలుపెట్టాం. కొత్త చువ్వలు, తుప్పు చువ్వలు, గుడ్డ ఉన్నవి, గుడ్డ ఊడిపోయినవి. ఒక్కో దానికి టేపుతో కొలిచి దూరం రాస్తున్నాం.

అందుకే ఈరోజు వెనక వరుసలో ఉన్నవారిని పిలిచాను. ఆగిపోయిన లారీ వెనక మీరు చెట్టు కొమ్మలు పెడతారు, రాళ్ళు పెడతారు. ఎన్ని అడుగుల దూరంలో మొదటి కొమ్మ పెడతారు? వర్షంలో ఎదుటి బండి దూరాన్ని దేన్ని చూసి పోల్చుకుంటారు? మైకు వెనక్కి ఇవ్వండి బాబూ. ముందు వారు చెబుతారు, నేను రాసుకుంటాను.